దారం అటు నుంచి లాగినా, ఇటు నుంచి లాగినా

మొన్న రెడ్‌మండ్ నుంచి నిత్య ఫోన్ చేసింది. మా స్నేహితుల అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో చేరబోతోంది. రూల్స్ మీద ఆటగాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులివ్వడం తన ఉద్యోగమట.

"ఆంటీ, మీరు ఓల్డ్ డేస్‌లో సేమ్ జాబ్ చేశారంట కదా? డాడీ చెప్పారు. కంప్యూటర్ లేకుండా ఎలా చేశారు? నాకు టిప్స్ కావాలి" అంది.

పది నిమిషాల్లో అయిపోతుందనుకుంది పాపం. నేను మూడు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. తనకు తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుంది. ఆ వంకతో వాళ్ళమ్మకైనా నేను అన్నేళ్ళు ఏం చేశానో తెలుస్తుంది. ఇప్పటికీ ఆవిడ నేను బొమ్మల షాపులో పనిచేశాననే అనుకుంటోంది.

నేను చేసిన పని

డెబ్భైల చివర్లో మా ఆయన ప్రకాశంగారికి నార్త్ కరోలినాలో మందుల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చి క్యారీలో దిగాం. అప్పటికి క్యారీ చాలా చిన్న ఊరు. అంతకుముందు రాజమండ్రి ఇరిగేషన్ ఆఫీసులో నేను ట్రేసర్‌ని. అంటే ఇంజనీర్లు గీసిన కాలవల ప్లాన్లనూ, నేల ఎత్తుపల్లాలు చూపించే కాంటూరు మ్యాపులనూ ట్రేసింగ్ గుడ్డ మీద మళ్ళీ తీర్చిదిద్దేదాన్ని. ఆ పని తెలిసిన మనిషి కావాలని పేపర్లో ప్రకటన చూసి వెళ్ళాను. తీరా చూస్తే అది యుద్ధాల ఆటలు అచ్చువేసే కంపెనీ. పాత పొగాకు గోడౌన్‌లో ఉండేది. లోపలికి అడుగుపెట్టగానే మా కొవ్వూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల వాసన గుప్పుమంది. ఆ వాసనకే సగం ఒప్పేసుకున్నాను.

ఆట గురించి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. బల్ల మీద పెద్ద మ్యాపు పరుస్తారు. దాని నిండా తేనెపట్టులో లాగా ఆరు మూలల గళ్ళు. ఒక గడిలో అడవి, ఒక గడిలో ఇల్లు, ఒక గడిలో పంటచేను, కొన్ని గళ్ళ మీద గుట్ట. సైనికులంటే అట్ట బిళ్ళలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడతారు. ఎవరినైనా కాల్చాలంటే ముందు వాళ్ళు కనిపించాలి. కనిపిస్తున్నారో లేదో తేల్చడానికి ఒక గడి మధ్య చుక్క నుంచి ఇంకో గడి మధ్య చుక్కకు దారం లాగి పట్టుకోవాలి. మధ్యలో దారానికి చెట్టో, ఇల్లో, ఎత్తైన నేలో తగిలితే కనిపించనట్టు. తగలకపోతే కనిపించినట్టు. దీన్ని లైన్ ఆఫ్ సైట్ అంటారు.

ఇంతే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ దారం సరిగ్గా అడవి గడికీ మైదానం గడికీ మధ్య అంచు మీదుగా పోతే? గుట్ట మీది మనిషికి అడవి అవతల ఎన్ని గళ్ళు మరుగున పడతాయి? మంటల పొగ ఎంత ఎత్తు? దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలొచ్చేవి. అవును, కాదు అని చెప్పగలిగేలా ప్రశ్న రాయాలి, తిరుగు కవరుకు స్టాంపు అంటించి పంపాలి, అదీ పద్ధతి. మ్యాపులు గీయడానికి చేరినదాన్ని ఆరు నెలల్లో ఆ ఉత్తరాల బల్ల దగ్గర తేలాను, కాంటూరు గీత చదవగలిగే మనిషి ఇంకెవరూ లేక. కింద 'ఎస్. ప్రకాశం' అని సంతకం చేసేదాన్ని. నా పేరు సుగుణ అనిగానీ, నేను చీర కట్టుకుని దారం పట్టుకుంటానని గానీ ఒక్కరికీ తెలియదు. అందరూ 'డియర్ సర్' అనే రాసేవాళ్ళు.

మా ఆదివారం తెలుగు ప్రార్థన కూటంలో ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది. "యుద్ధాల ఆటేంటి సుగుణా? దేవుడు మెచ్చే పనేనా అది?"

"నేను యుద్ధం చెయ్యట్లేదక్కా. ఎవరికి ఎవరు కనపడతారో చెప్తన్నానంతే" అన్నాను. ఆవిడకు నచ్చలేదు, కానీ మళ్ళీ అడగలేదు.

కుర్చీలు లేని బల్ల

మా యజమాని హాల్. ఆటలన్నీ ఆయన తయారుచేసినవే. కొరియా యుద్ధంలో ఫిరంగుల దళంలో పనిచేశాడు. గుట్ట మీద కూర్చుని బైనాక్యులర్స్‌తో చూసి ఎక్కడ కాల్చాలో చెప్పడం అప్పట్లో ఆయన పని. మొండి మనిషి, మాట కటువు, కాఫీ తాగిన కప్పు ఎప్పుడూ మ్యాపు మీదే పెట్టేవాడు. అయినా ఈ పనిలో నాకు గురువంటూ ఉంటే ఆయనే.

మ్యాపు బల్ల చుట్టూ ఒక్క కుర్చీ కూడా ఉండనిచ్చేవాడు కాదు. నడుము నొప్పి అని ఉత్తరాల పనిలో మొదటి వారం ఒక స్టూలు తెచ్చుకుంటే తీసుకెళ్ళి వరండాలో పెట్టేశాడు.

"కూర్చుంటే నువ్వు ఒకవైపు మనిషివైపోతావు. ఉత్తరం రాసినవాడు తన కుర్చీలోంచి రాస్తాడు. 'నాకు వాడు కనిపిస్తాడా' అని అడిగాడంటే కనిపించాలని వాడి ఆశ. 'వాడికి నేను కనిపిస్తానా' అన్నాడంటే కనిపించకూడదని. నువ్వు బల్ల చుట్టూ తిరిగి అవతలివాడి దగ్గర నిలబడి మళ్ళీ దారం లాగు. రెండు జవాబులూ ఒకటే రావాలి" అన్నాడు.

నాకు వాడు కనిపిస్తే వాడికి నేనూ కనిపిస్తాను. దారం అటు నుంచి లాగినా ఇటు నుంచి లాగినా ఒకటే దారం. చూపు మీద మా రూల్స్ పదహారు పేజీలుండేవి. ఈ ఒక్క సంగతీ పట్టుకుంటే మిగతావి వాటంతటవే దారికొస్తాయి. నిత్యా, నీ పనిలో బల్ల ఉండదు, అయినా లేచి అవతలి వైపు వెళ్ళే ఉపాయమేదో నువ్వే కనిపెట్టుకో.

రెండో అలవాటు నేను పెట్టుకున్నది. ఇచ్చిన ప్రతి జవాబుకూ ఒక కార్డు. మ్యాపు పేరు, ఏ గడి నుంచి ఏ గడికి, ఏం చెప్పాను. ఇరిగేషన్ ఆఫీసు బుద్ధి. హాల్ నవ్వేవాడు గానీ తనకు ఏదైనా అనుమానమొస్తే ముందు నా కార్డుల పెట్టెలోనే వెతికేవాడు.

గోధుమ చేలో గట్లు

తప్పుల గురించి రాయకపోతే ఇది రాసీ దండగ. నా మొదటి పెద్ద తప్పు పంటచేను మీద. వేసవిలో పైరు ఎదిగి ఉంటుంది కాబట్టి చేలో కదలకుండా పడుకున్న సైనికుడు కనిపించడని రూలు. నడుస్తుంటే కనిపిస్తాడా అని ఒకాయన అడిగాడు. రూలు పుస్తకంలో స్పష్టంగా లేదు. నేను ధైర్యంగా రాసేశాను: అవును, కనిపిస్తాడు, ఎందుకంటే నడిచేవాడు గట్టు మీద నడుస్తాడు, గట్టు పైరుకన్నా ఎత్తుగా ఉంటుంది.

రెండు వారాలకు జవాబొచ్చింది. ఆయన కాన్సాస్‌లో రైతు. "అయ్యా, మీరు చెప్పిన గట్టు కోసం నా పొలమంతా తిరిగాను. మైలు పొడవున్న చేలో ఒక్కటి కూడా దొరకలేదు. మీరు ఏ పొలం చూసి రాశారో తెలుసుకోవచ్చా?"

గోధుమ చేను నేను కంటితో చూడనే లేదు. నా కళ్ళలో ఉన్నది మా గోదావరి వరిచేను, నీళ్ళు నిలబెట్టే గట్లతో సహా. సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నదున్నట్టు రాసి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ రైతు మంచివాడు. ఒక గోధుమ కంకుల కట్టని అట్టపెట్టెలో పెట్టి పంపాడు, వేళ్ళ నుంచి కంకి దాకా, కొలుచుకోమని. చాలా ఏళ్ళు దాన్ని నా బల్ల మీద సీసాలో పెట్టుకున్నాను. తెలియని నేల మీద జవాబు చెప్పేముందు అక్కడి మనిషిని అడగడం ఆ కట్టే నేర్పింది.

వాల్టర్, జీన్

ఇక అసలు సంగతి. దీన్ని ఇన్నేళ్ళుగా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

వాల్టర్ ఒహాయోలో రిటైరైన స్కూలు టీచరు. జీన్ ఆరెగన్‌లో కలప మిల్లులో పనివాడు. ఇద్దరూ ఒకే దళంలో యుద్ధం చేసినవాళ్ళు. అంత దూరంలో ఉంటూ మా ఆట ఒకటి పోస్టులో ఆడుకునేవాళ్ళు. ఒకరు తన ఎత్తు కాగితం మీద రాసి పంపితే అది అందాక రెండోవారు తన ఎత్తు రాసి పంపాలి. పాచిక బదులు, ముందే అనుకున్న రోజు పేపర్లో వచ్చే షేర్ల ధరల చివరి అంకె. ఒక్క ఆట ఆరేళ్ళుగా నడుస్తోంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి వాళ్ళు నాకు రెండు కవర్లు, అంతే.

ముందు వాల్టర్ కవరు వచ్చింది. గుట్ట మీది నా ఫిరంగికి, లోయలో రోడ్డు మీదున్న దళాలు కనిపిస్తాయా? గోడకు తగిలించి ఉన్న మ్యాపు మీద, నిలబడ్డచోటు నుంచే దారం లాగాను. గుట్ట పక్కకు ముక్కులా పొడుచుకొచ్చిన దిబ్బ ఒకటుంది. దారం దాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకుని పోయింది. అవును అని రాసి పంపేశాను. ఇంత తేలిక ప్రశ్నకు కార్డెందుకులే అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా మీద నాకు కోపమొస్తోంది.

కొన్నాళ్ళకు జీన్ కవరు. రోడ్డు మీది నా దళాలు గుట్ట మీది ఫిరంగికి కనిపిస్తాయా? బల్ల మీదున్న మ్యాపు మీద దారం లాగాను. దిబ్బ గీతకు తగిలింది. బల్ల చుట్టూ తిరిగి అవతలి నుంచి కూడా లాగాను, తగిలింది. కాదు అని రాసి, ఈసారి కార్డు కూడా రాసి పెట్టుకున్నాను.

రెండు నెలల తర్వాత ఆఫీసుకు ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. వాల్టర్ భార్య డోరతీ.

"ఎస్. ప్రకాశంగారితో మాట్లాడాలండీ."

"నేనేనండి."

"మీరు ఆడవారా! అయితే మరీ మంచిది. నా మాట మీకు అర్థమవుతుంది. మీ ఉత్తరం మా ఆయన దగ్గరొకటి ఉంది, కనిపిస్తుందని. జీన్ దగ్గర ఇంకోటి ఉందట, కనిపించదని. నువ్వే దొంగ ఉత్తరం టైపు చేసుకున్నావని జీన్ ఈయనకు రాశాడు. ఈయన ఇంతకన్నా పెద్ద మాటే రాశాడు. అంతే, ఉత్తరాలు ఆగిపోయాయి."

"ఆట మానేశారా?"

"ఆట పోతే పోయిందమ్మా. యుద్ధంలో ఏం జరిగిందో ఈయన నాతో ఇన్నేళ్ళలో ఒక్క ముక్క చెప్పలేదు. జీన్‌కి రాసే ఎత్తు కింద మాత్రం ఎప్పుడూ రెండు లైన్లు ఏవో రాసేవాడు. అవి రాసిన రోజు బాగా నిద్రపోయేవాడు. ఇప్పుడు రోజూ మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళి ఖాళీ చేతులతో వస్తున్నాడు. తను ముందు రాయడు. నాకు భయంగా ఉంది. ఆ రెండు ఉత్తరాల్లో దొంగది ఏదో మీరు చెప్పండి."

రెండూ నావేనని అప్పటికే నాకు అర్థమైంది.

గోడ మీది మ్యాపు దించి బల్ల మీదిదాని పక్కన పరిచాను. గోడ మీదిది మొదటి ముద్రణ, వాల్టర్ దగ్గరున్నది. బల్ల మీదిది కొత్త ముద్రణ, పాతది చిరిగిపోతే జీన్ కొనుక్కున్నాడని డోరతీ చెప్పినది. పాత అచ్చు అరిగిపోతే ఆ కొత్తది ట్రేస్ చేసింది నేనే. మా ఇరిగేషన్ ఆఫీసులో పాత గీత వెడల్పైతే దాని బయటి అంచు మీద కొత్త గీత లాగమని నేర్పారు. కాలవ గట్టు కాస్త ఎక్కువైతే ఫరవాలేదు, తక్కువైతే నీళ్ళు ఊరి మీదికొస్తాయి. అదే చెయ్యి, అదే అలవాటు. దిబ్బ ముక్కు కలం మందాన ముందుకొచ్చింది. ఆ కలం మందం దారానికి తగిలింది.

హాల్‌తో గొడవ

హాల్‌కి అంతా చెప్పాను. ఆయన మ్యాపుల వైపు చూడకుండానే, "కొత్త ముద్రణే చెల్లుతుంది. వాల్టర్‌కి అలా రాసెయ్యి. జీన్‌ది కరెక్ట్" అన్నాడు.

"కొత్త గీత మీరు మార్చమన్నది కాదు, నా చెయ్యి జారింది. ఆట మొదలైంది పాత మ్యాపు మీద."

"చెప్పిన జవాబు ఒకసారి వెనక్కి తీసుకున్నావంటే, ఈ దేశంలో ఓడిపోయిన ప్రతివాడూ మనకు ఉత్తరం రాస్తాడు. పైగా కొత్త మ్యాపు తప్పని ఒప్పుకుంటే అమ్మిన ప్రతి పెట్టే తప్పన్నట్టు."

ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. అంతకుముందు ఒక జవాబు మార్చుకున్నందుకు మేం ఏడాది పాటు పడ్డ బాధ నాకు తెలుసు. పదింట తొమ్మిదిసార్లు ఆయన మాటే సరైనది. కానీ అక్కడ ఇద్దరు మనుషులు ఒకరినొకరు దొంగ అనుకుంటున్నారు, ఆ దొంగతనం చేసింది నేను.

"హాల్, మీరే కుర్చీ తీసేశారు. కాస్త ఇటు వచ్చి నిలబడండి" అన్నాను.

ఎందుకో వచ్చాడు. పాత మ్యాపు మీద దారం ఒక కొస తను పట్టుకుని ఇంకో కొస నాకిచ్చాడు. తర్వాత కొత్త మ్యాపు మీద. దిబ్బ దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇంత సన్నటి గీత" అన్నాడు. సాయంత్రం నా బల్ల మీద ఒక చీటీ ఉంది. ఇకపై ప్రతి పెట్టెలోనూ పెట్టాల్సిన సవరణ, ఆ దిబ్బ గడి నంబరుతో సహా, ఆయన చేతి రాతతో. మొండివాడు తగ్గడం అంటే ఏమిటో నేను ఆ రోజు చూశాను, అందుకే ఆయన మీద ఎన్ని ఫిర్యాదులున్నా నాకు గౌరవం పోలేదు.

కార్బన్ పెట్టి ఒకే ఉత్తరం ఇద్దరికీ టైపు చేశాను. మీ దగ్గరున్న రెండు ఉత్తరాలూ నేను రాసినవే. మీలో ఎవరూ అబద్ధమాడలేదు. మ్యాపు తిరిగి గీసినప్పుడు నేను గీత పక్కకు లాగాను, మొదటి జవాబుకు కార్డు రాసి పెట్టుకోలేదు. ఈ రెండు తప్పులూ నావి. సరైన జవాబు: కనిపిస్తాయి. మొదటిసారి 'సుగుణ ప్రకాశం' అని పూర్తి పేరుతో సంతకం చేశాను.

ఆ జవాబు నాకేమీ సంతోషమివ్వలేదు. ఆ దళాలను జీన్ రెండేళ్ళుగా ఒక్కో గడి చొప్పున నడిపించుకుంటూ తెచ్చాడని డోరతీ చెప్పింది. ఫిరంగి ఒక్కసారి పేలితే అంతా పోయినట్టే. నిజం చెప్పి ఒకరి ఆరేళ్ళ ఆట ముంచేశాను. స్నేహం మాత్రం నిలుస్తుందని ఏముంది?

నాలుగు వారాలు ఏ కబురూ లేదు. నాకు అన్నం సయించలేదు.

"ఏవైందే? ఎవరో ఇద్దరు పెద్దమనుషులు బొమ్మలాటలో కొట్టుకుంటే నువ్వు తిండి మానేస్తావా?" అన్నారు మా ఆయన.

"కొట్టుకున్నా బానే ఉండేదండి. మాట్టాడుకోవట్లేదు" అన్నాను. ఆయన మరి వేళాకోళం చెయ్యలేదు. ఆ ఆదివారం కూటంలో నాకు చెప్పకుండానే వాళ్ళిద్దరి పేర్లూ ప్రార్థనలో పెట్టారు. వాల్టర్ ఎవరు, జీన్ ఎవరని అందరూ నా వైపు చూస్తుంటే తల దించుకున్నాను.

ఆఖరి కవరు

అయిదో వారం జీన్ నుంచి కవరు వచ్చింది. లోపల ఒక చిన్న ఉత్తరం, ఒక కాగితానికి జిరాక్స్ కాపీ, పద్ధతి ప్రకారం స్టాంపు అంటించిన తిరుగు కవరు.

"మేడమ్, మీ ఉత్తరం అందిన రోజే వాల్టర్ ఫోన్ చేశాడు. ఫోన్‌లో మేం మాట్లాడుకోవడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు, వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. తర్వాత అతని ఎత్తు పోస్టులో వచ్చింది. దాని కాపీ పంపుతున్నాను."

కాపీ మీద స్కూలు టీచరు గుండ్రటి అక్షరాలు. ఫిరంగి ఉన్న గడి నంబరు, రోడ్డు గడి నంబరు. వాటి కింద రెండు లైన్లు.

"కనిపిస్తున్నారు.

కాల్చడం లేదు."

జీన్ ఉత్తరం అడుగున, అందరూ రాసేలాగే, ప్రశ్న ఉంది. 'శత్రువు స్పష్టంగా కనిపిస్తున్నా కాల్చకుండా ఉండడానికి మీ రూల్స్ ఒప్పుకుంటాయా? అవును / కాదు.'

కళ్ళు తుడుచుకుని హాల్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బల్ల దగ్గర నిలబడి రెండుసార్లు చదివాడు. కాఫీ కప్పు ఎప్పటిలా మ్యాపు మీద పెట్టబోయి మళ్ళీ చేతిలోనే ఉంచుకున్నాడు.

"నేను ఫిరంగుల దగ్గరున్నప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు" అన్నాడు. ఉత్తరం నా చేతికి తిరిగిచ్చి, "జవాబు పంపించు" అన్నాడు.

'అవును' చుట్టూ సున్న చుట్టి ఆ రోజు పోస్టులోనే పంపించాను. తర్వాత కూర్చుని కార్డు రాశాను. ఏ గడి నుంచి ఏ గడికి అని రాసే చోట కలం ఆగిపోయింది. అది ఏ ఒక్క మ్యాపుకో చెప్పిన జవాబు కాదనిపించింది. ఆ చోటు ఖాళీగానే వదిలేసి, కార్డును పెట్టెలో అన్నిటికన్నా ముందు పెట్టాను.